వద్దన్న వార్నిష్

పని మొదలుపెట్టిననాడు డీలర్ చేతిలో సరుకు తక్కువే. పళ్ల డాక్టర్లకు సామాను అమ్మే సేల్స్‌మన్ వేషం, బ్యాగు నిండా శాంపిళ్లు, అన్న పోస్ట్‌మార్టం రిపోర్టు, పగ. మొదటివి డిపార్టుమెంటు ఇచ్చింది. చివరిది సొంత పెట్టుబడి.

అన్న కూడా డీలర్‌లాగే సీక్రెట్ ఏజెంటే. భోజనాల బల్ల దగ్గర రొట్టె ముక్క కొరికి, అలాగే పక్కకు ఒరిగిపోయాడు. చూసినవాళ్లు గుండెపోటన్నారు. రిపోర్టు మరోలా చెప్పింది. దవడ పన్నులో విషం క్యాప్సూల్ పెట్టి, పైన గ్లాస్ అయానమర్ సిమెంటుతో పూడ్చారు. ఆ సిమెంటు సుద్దలా రాలిపోయి, పంటి కింద క్యాప్సూల్ పగిలింది.

చీఫ్‌ను డిపార్టుమెంటంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆయన బ్రీఫింగ్ ఎప్పుడూ పొట్టిదే.

"విదేశీ ముఠా. వాళ్ల పళ్ల డాక్టరు ఈ నగరంలోనే క్లినిక్ పెట్టాడు. తర్వాత ఎవరి పన్నో తెలీదు."

"దొరికితే?"

"క్యాప్సూల్ చేతిలో ఉండగా పట్టుకో. లేకపోతే నేను ఉత్త డాక్టర్నని కోర్టులో ఇకిలిస్తాడు. ప్రాణాలతో కావాలి, వెనకున్న పేర్లు కావాలి. ఒరేయ్, వింటున్నావా?"

"వింటున్నా బాబాయ్. ప్రాణాలతో అన్నారు. నవ్వుతూ ఉండాలని అనలేదుగా?"

"నవ్వు సంగతి నీ ఇష్టం."

ఆ సిమెంటంటే గాజు పొడి, ఆమ్లం. రెండూ కలిపి పెడితే పంటిని దానంతటదే పట్టుకుంటుంది. పెట్టిన కొత్తలో ఉమ్ము తగిలితే మాత్రం సుద్దవుతుంది. అందుకే పళ్లు తెలిసిన ప్రతివాడూ పైన వార్నిషో, వాసెలినో పూస్తాడు. అన్న పంటి మీద ఆ పూత జాడ లేదు.

డీలర్ ఒక ఆఫర్ పెట్టాడు. సిమెంటు కొంటే వార్నిష్ సీసా ఉచితం. క్లినిక్కులన్నీ తిరిగాడు. ఒకాయన ఇంకో సీసా లాక్కున్నాడు. ఒకావిడ సీసాతోపాటు క్యాలెండర్ ఏదని నిలదీసింది. చెప్పుల దుకాణం మీది మేడలో ఉన్న తెల్లకోటు మాత్రం తలెత్తకుండానే అన్నాడు: "నాకెందుకు? వద్దు."

"వాసెలిన్ వాడతారా సార్?"

"దేనికి?"

ఊరికే వచ్చే సరుకును కాదన్నాడంటే దాని ఉపయోగమే తెలీదన్నమాట. వీడికి విషం వచ్చు, పళ్ల పని రాదు. డీలర్ నవ్వుతూనే, సిమెంటు కలుపుకోవడానికి గాజు పలకొకటి కానుకగా ఇచ్చాడు. అది వద్దనలేదు. దాని అడుగున డిపార్టుమెంటు ఇంజినీర్లు హీటర్ పెట్టారని, స్విచ్ తన పెన్నులో ఉందని డీలర్ చెప్పలేదు.

బయటికొస్తూ కౌంటర్ దగ్గర ఆగాడు. అక్కడ కూర్చున్నామెకు నీలిరంగు పట్టుచీర, చెవులకు నీలాలు. ఒకప్పుడు అన్నతో కలిసి పనిచేసి, అన్న పోయిన వారమే మాయమైన మనిషి. డిపార్టుమెంటులో ఆమెను నీలం అనేవాళ్లు. డీలర్ పెట్టుడు పొట్ట సర్దుకుని మెట్లు దిగాడు.

మర్నాడు పొద్దున బిల్లు వంకతో వచ్చేసరికి కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నది దేశపు మిసైల్ సైంటిస్టు. తెల్లకోటు పలక మీద పొడి పోశాడు. పక్క ట్రేలో క్యాప్సూల్ మెరిసింది. తలుపు సందులోంచి చూస్తూ డీలర్ పెన్ను నొక్కాడు.

పక్కటెముకల్లో లిప్‌స్టిక్ గుచ్చుకుంది. అది లిప్‌స్టిక్ కాదు, నీలం చేతిలోని పిస్టల్.

"పొట్ట బాగా కుట్టించారు డీలర్ గారూ. మీ అన్నయ్యకి ఇంత బాగా కుదిరేది కాదు."

"అన్న మాట నీ నోట రావద్దు."

"అమ్మింది నేనే కదా, రాక చస్తుందా."

"ఎంతకమ్మావో నాకక్కర్లేదు. వాడి టికెట్ సంగతి చూసుకో. ట్రావెల్ ఏజెంటుని నిన్నే అడిగాను. ఈ సాయంత్రం విమానానికి వాడొక్కడే. నీకు కొనలేదు. రేపు ఈయన పడిపోతే పోలీసులు ఎవర్ని పట్టుకుంటారు? కౌంటర్లో కూర్చున్నదాన్ని."

ఆమె కళ్లు లోపలికి తిరిగాయి. తెల్లకోటు జేబులోంచి టికెట్ కవరు తొంగిచూస్తోంది, ఒక్క టికెట్ పట్టేంత పలచగా.

లోపల సిమెంటు వేడి పలక మీద ఇట్టే రాయైపోయింది. గరిటె అందులో ఇరుక్కుంది. మళ్లీ కలిపాడు, మళ్లీ రాయే. పళ్ల పని వచ్చినవాడైతే పలక ముట్టుకుని చూసేవాడు. వీడు బూతులు గొణిగి, క్యాప్సూల్‌ను వట్టిగానే పంటి గుంతలో నొక్కేయబోయాడు. అది పెదవి దాటేలోపు డీలర్ ఆ మణికట్టు ఒడిసిపట్టాడు. నీలం లిప్‌స్టిక్ ఈసారి తెల్లకోటు కణతకు ఆనింది.

"అయిపోయిందా?" అన్నాడు సైంటిస్టు.

"మీది అయిపోయింది సార్. ఆ పన్ను ఇంకెక్కడైనా చూపించుకోండి."

ఖాళీ అయిన కుర్చీలో తెల్లకోటును కట్టేశారు. అతని దవడలోనూ ఒక పుచ్చుపన్ను ఉంది. డీలర్ క్యాప్సూల్ అతని కళ్ల ముందు తిప్పి చూపించి నోట్లో చెయ్యి పెట్టాడు. చల్లటి కాగితం మీద సిమెంటు కలిపి, తీరిగ్గా పూడ్చాడు.

"ఉమ్ము ఊరుతోంది చూశావా? పైపొర సుద్దవుతూ ఉంటుంది. వార్నిష్ పూస్తే నిలబడుతుంది."

"పూయ్."

"నిన్న ఊరికే ఇస్తే వద్దన్నావు. ఇవాళ రేటు పెరిగింది. ఒక పేరుకి ఒక పూత."

పేర్లు గబగబా వచ్చాయి. డీలర్ మాత్రం కుంచె నెమ్మదిగా ముంచాడు. మధ్యలో ఆగి, అన్న నవ్వు ఎలా ఉండేదో చెప్పాడు. తెల్లకోటు ఏడ్చాడు. ఆఖరి పేరు దాకా విన్నాకే ఆఖరి పూత వేశాడు.

బాబాయ్ మనుషులతో వచ్చాడు. నీలం చేతికి బేడీలు పడ్డాయి. "సాయం చేశాను కదా," అందామె.

"చేశావు. అందుకే వ్యాన్‌లో కిటికీ సీటు," అన్నాడు డీలర్.

బాబాయ్ పక్కకు పిలిచాడు. "క్యాప్సూల్ వాడి పంట్లో పెట్టావుట్రా?"

డీలర్ గుప్పిట తెరిచాడు. క్యాప్సూల్ అందులోనే ఉంది. "పంట్లో ఉన్నది వట్టి సిమెంటే బాబాయ్. పుచ్చు పూడ్చానంతే."

"వాడికి చెప్పావా?"

"మీరు చెప్పమంటే చెబుతా."

బాబాయ్ కుర్చీ వైపు ఒక చూపు విసిరాడు. "తొందరేముంది," అన్నాడు.

మొత్తం మీద లెక్క చూస్తే, ముఠా దొరికింది, సైంటిస్టు బతికాడు. అన్న రాడు, ఆ పద్దు ఎన్నటికీ తీరేది కాదు. జమ వైపు మాత్రం ఒకటి పెరుగుతూనే ఉంది. జైల్లో తెల్లకోటు ఇప్పటికీ మెత్తటి జావే అడుగుతాడట, అది కూడా నమలకుండా మింగుతాడట.