ఒక్క ఓటు తేడా

"మళ్ళీ లెక్కపెట్టాల్సిందే!"

కండక్టరమ్మ ఆ మాట అనడం ఇది మూడోసారి. బస్ డిపో యూనియన్ ఎన్నికలకు అధికారిగా కూర్చున్న టైమ్‌కీపర్ కళ్ళద్దాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"మూడుసార్లూ నూట యాభై ఒకటి, నూట యాభై. మీ బాబాయి ఒక్క ఓటుతో ఓడిపోయాడు తల్లీ. ఇవి ఓట్లా, గుడ్లా, పొదిగితే పిల్లలవడానికి?"

డిపోలో ఆమెకు హ్యాండ్‌బ్రేక్ అని పేరు. పట్టు పట్టిందంటే బండి కదలదు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నం దిగి, నేరుగా ఈ గదిలోకొచ్చి బాబాయి తరఫు ఏజెంటుగా కూర్చుంది. పిక్కలు లాగేస్తున్నాయి. కానీ డ్రైవర్ బాబాయికి వచ్చే ఏడాదే రిటైర్మెంట్. ఇదే ఆఖరి పోటీ. రెండుసార్లు ఓడిన మనిషికి మూడో ఓటమి కబురు ఏ మొహంతో చెప్పాలి?

"రెండు పక్షాలూ ఒప్పుకోవాలి," అంటూ టైమ్‌కీపర్ అవతలి ఏజెంటు వైపు ఆశగా చూశాడు.

ఆ ఏజెంటు డిపో మెకానిక్. గ్రీజు వేళ్ళతో ఈసారీ బుద్ధిగా సంతకం పెట్టేశాడు.

"గెలిచింది మీరేగా! నీకేం పోయేకాలమయ్యా?" అన్నాడు టైమ్‌కీపర్.

మళ్ళీ లెక్కపెట్టారు. నూట యాభై ఒకటి, నూట యాభై. టైమ్‌కీపర్ టీకి వెళ్ళిపోయాడు.

"నిజం చెప్పండి," అందామె. "ఎందుకు ఒప్పుకుంటున్నారు? ఏం దాస్తున్నారు?"

మెకానిక్ చెవులు ఎర్రబడ్డాయి. "నాలుగేళ్ళుగా మీరు బస్సు ఎక్కడం, దిగడమే చూశాను. ఎదురుగా ఇంతసేపు కూర్చున్నది ఇవాళే."

"అంటే నా ఓటమిని మళ్ళీ మళ్ళీ చూపించి సరదా పడ్డావా?" కోపంలో 'మీరు' ఎగిరిపోయింది.

"రెండోసారి లెక్కింపుకు అందుకే ఒప్పుకున్నాను. తర్వాత మీ మొహం చూడలేక, ఎక్కడైనా మీ ఓటు దొరుకుతుందేమోనని నేనే వెతికాను. ఒట్టు."

ఆమెకు తిట్టే ఓపిక కూడా లేకపోయింది. అప్పుడే బాబాయి లోపలికొచ్చాడు.

"ఒక్క ఓటే బాబాయ్! ఎక్కడ పోయిందో..."

"నా జేబులో ఉందమ్మా."

"ఏంటీ?"

"నేను వేయలేదు. ఓటేసి రమ్మని నా బదులు రిలీఫ్ డ్రైవర్ని పంపారు. ట్రిప్పు మధ్యలో నా స్టీరింగ్ ఇంకొకడికిస్తానా? ససేమిరా అన్నాను. డిపో చేరేసరికి పోలింగ్ అయిపోయింది."

"వేసుంటే సమానమయ్యేదండీ," అన్నాడు మెకానిక్ నీరసంగా.

"అయితే కానీ. నా బండి నేనే తెచ్చాను," అన్నాడు బాబాయి.

ఆమె బాబాయిని ఎగాదిగా చూసింది. ఉడుంపట్టు తనకెక్కడి నుంచి వచ్చిందో తెలిసింది. నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుని ఫలితం కాగితం మీద సంతకం పెట్టింది.

బాబాయి మెకానిక్ చెవుల రంగు గమనించనే గమనించాడు. "అబ్బాయ్, మా ఇంటి మనుషులతో వేగగలవా?"

"మొరాయించే బండ్లే కదండీ నాకు అన్నం పెట్టేది."

ఆమె టికెట్ల సంచి భుజాన వేసుకుంది. "రేపు మూడో ట్రిప్పు తర్వాత పది నిమిషాలు ఖాళీ. ఓట్లు లేకుండా కూర్చోగలవా?"

"పదిహేను."

"పదే."

"పదిహేను."

బాబాయి నిట్టూర్చి, చెప్పులు విడిచి, బెంచీ మీద కాళ్ళు చాపుకున్నాడు.