తూకం కుదిరిన జింబల్

"రేపు కోర్టులో జడ్జిగారు ఒక పేరు చెబుతారు. అది చెప్పకుండా ఈ సాయంత్రమే ఆయన నోరు మూయించాలని ఎవరికైనా అనిపిస్తే అందులో వింత లేదు."

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. ఎదురుగా కూర్చున్న ఏజెంటుకి డిపార్ట్‌మెంటు పెట్టిన పేరు టెస్టర్. కరెంటున్న చోటల్లా వేలు పెడతాడని.

"ఎవరి పేరు సార్?"

"విదేశీ గూఢచారి రింగ్ మనిషి ఒకడు మన డిపార్ట్‌మెంటులోనే ఉన్నాడు. వాడి పేరు. మనకి దొరికిన వాడొకడు జడ్జిగారి ముందు మాత్రమే నోరు విప్పాడు. ఆయనేమో కోర్టులో తప్ప చెప్పనని భీష్మించుకు కూర్చున్నారు. మనలో ఎవర్నీ నమ్మరట. నన్ను కూడా."

చివరి మాట దగ్గర చీఫ్ మొహం కందగడ్డలా అయింది.

పథకం చిన్నదే. జడ్జిగారికి డ్రోన్ల పిచ్చి. హాబీ క్లబ్బుకి ప్రెసిడెంటు కూడా. సాయంత్రం క్లబ్బు ప్రదర్శనకి వెళ్లొద్దంటే వినలేదు. అక్కడి సెక్యూరిటీని పైనుంచి చూడ్డానికి రింగ్ ఒక కెమెరా డ్రోన్ పంపుతోందని, ఆ రింగ్‌లో ఉంటూ డిపార్ట్‌మెంటుకి పనిచేస్తున్న డబుల్ ఏజెంటు కబురు చేసింది. ఆమెను అందరూ మేడమ్ అంటారు. దానికి జింబల్, అంటే కెమెరాను కదలకుండా పట్టి ఉంచే మోటార్ల చట్రం, బిగించే పని క్లబ్బు వర్క్‌షాపుకి వస్తుంది. అక్కడి మెకానిక్కుగా టెస్టర్ పది రోజులుగా మారువేషంలో ఉన్నాడు.

"డ్రోన్‌ని ఆపకు, ఎగరనియ్యి. ట్రాకర్ పెట్టి పంపితే అది తిరిగి ఎక్కడ దిగుతుందో, వాళ్ల స్థావరమేదో తెలుస్తుంది."

ట్రాకర్‌ను బల్లమీద పెట్టినవాడు టెక్నికల్ సెక్షన్ హెడ్. టెస్టర్‌కి సొంత అక్క మొగుడు. అమ్మానాన్నలు పోయాక టెస్టర్‌ని పెంచి పెద్దచేసింది ఆ దంపతులే. టంకం వేయడం నేర్పిందీ, ఈ ఉద్యోగంలో చేర్చిందీ బావే. ఈ లోకంలో కళ్లు మూసుకుని ఎవరి వెనకైనా నడవమంటే టెస్టర్ బావ వెనకే నడిచేవాడు.

"అగ్గిపెట్టెంతే ఉంది కదరా, జింబల్ ఫ్రేముకి వెనక బిగించు. ఎరుపు, నలుపు పవర్‌కి. పసుపు వైరు రిసీవర్‌లో ఎనిమిదో ఛానెల్‌కి. క్లబ్బు గేటు దగ్గర అందర్నీ తడుముతారు గానీ నీ పాస్ చూస్తే వదిలేస్తారు." బావ భుజం తట్టాడు. "జాగ్రత్త బామ్మర్దీ."

వర్క్‌షాపులోకి మేడమ్ నల్ల కళ్లద్దాలతో, ఎత్తు మడమల చెప్పులతో వచ్చింది. ఆ వెనకే సెంటు వాసన. చేతిలో డ్రోన్ పెట్టె.

"కెమెరా వణుకుతోందండీ."

"గాలి అలవాటు లేదేమో."

కోడ్ కలిసింది. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. హ్యాండ్‌బ్యాగు జిప్పు సగం తెరిచే ఉంచింది.

టెస్టర్ పనిలో పడ్డాడు. నాలుగు రబ్బరు గుండ్లను ఒక్కొక్కటే పై పలకలోకి లాగి, జింబల్‌ను డ్రోన్ పొట్ట కింద వేలాడదీశాడు. ఆ గుండ్లు రెక్కల అదురును మింగేస్తాయి. వైర్లు మోటార్ల తిరుగుడికి అడ్డం రాకుండా కాస్త వదులుగా చుట్టాడు. కెమెరాను పైకీ కిందికీ వంచే టిల్ట్ సిగ్నల్ వైరును, రిమోట్ ఆజ్ఞలందుకునే రిసీవర్‌కి గుచ్చాడు. ఇక పవర్ ఇచ్చే ముందు తూకం చూడాలి. కెమెరాను వేలితో ఎటు తిప్పితే అటే నిలబడాలి. లేకపోతే దాన్ని మోయలేక మోటార్లు వేడెక్కి చస్తాయి.

ఈ కెమెరా నిలబడలేదు. వదిలితే ముక్కు కిందికి వాల్చేసింది. ఎంత వెనక్కి జరిపినా అంతే.

"ఎవడో చేతకానివాడు చేశాడు," అన్నాడు టెస్టర్.

"ముందు మీ ట్రాకర్ బిగించండి. టైమవుతోంది."

బిగించాడు. మళ్లీ వేలితో తిప్పాడు. కెమెరా నిలబడింది. పైకి తిప్పితే పైన, పక్కకి తిప్పితే పక్కన, ఎక్కడ వదిలితే అక్కడే బుద్ధిగా ఆగింది.

టెస్టర్ చెయ్యి కూడా ఆగింది.

శత్రువు తెచ్చిన జింబల్‌కి డిపార్ట్‌మెంటు ఇచ్చిన ట్రాకర్ తూకం ముందే ఎలా కుదిరింది? రెండూ ఒకే బల్లమీద, ఒకే చేతిలో తయారైతే తప్ప కుదరదు. తూకం లేని జింబల్‌ను బయటికి పంపడమంటే బావకి ప్రాణం పోయినంత పని. ఆ వృత్తి రోషమే ఇవాళ ఆయన్ని పట్టించింది. పైగా తన జాడ తాను పంపే ట్రాకర్‌కి రిసీవర్ నుంచి ఆజ్ఞ తెచ్చే పసుపు వైరెందుకు? ఆ అగ్గిపెట్టెలో ఉన్నదేమిటో టెస్టర్‌కి అర్థమైపోయింది. గేటు దాటించి దాన్ని లోపలికి తెచ్చింది తన చేతులే. రేపు వేలిముద్రలు దొరికేదీ తనవే. ఎదురుగా కూర్చున్న మేడమ్ కూడా బావ జట్టే.

"ఏమైంది?" మేడమ్ చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి వెళ్లింది.

"ఏం లేదు. చేసినవాడు మహానుభావుడు. ఊరికే తిట్టాను."

టిల్ట్ సిగ్నల్‌ను పరీక్షించి చూసుకోవచ్చు. పసుపు వైరును మాత్రం ఎవరూ పరీక్షించలేరు. పరీక్షిస్తే పరీక్షించినవాడు మిగలడు. టెస్టర్ వీపు అడ్డం పెట్టి, దాన్ని ఏ సిగ్నలూ రాని ఖాళీ వరసలో గుచ్చాడు. ఎనిమిదో ఛానెల్‌కి డ్రోన్ పొట్ట కిందున్న ఎర్ర లైటు వైరు తగిలించి, పైన టేపు చుట్టేశాడు. మేడమ్ రిమోట్ తిప్పి చూసింది. కెమెరా తల ఊపింది. ఆమె సంతోషంగా పెట్టె మూసుకుని వెళ్లిపోయింది.

చెవిలోని ఇయర్‌పీస్ కూడా బావ సెక్షన్‌దే. దాన్ని తీసి నూనె డబ్బాలో పడేసి, టెస్టర్ మైదానానికి అడ్డంగా పరుగెత్తి చీఫ్‌ను చేరుకున్నాడు.

చీఫ్ అంతా విన్నాడు. "తూకం కుదిరిందని మనిషిని ఉరి తియ్యరయ్యా. రుజువేది?"

"ఆయన బటన్ నొక్కితే అదే రుజువు సార్. బాంబు పేలదు, దాని బదులు డ్రోన్ కింద ఎర్ర లైటు వెలుగుతుంది. జడ్జిగారి కోటూ టోపీ నాకివ్వండి, ఆయన్ని లోపలికి పంపండి. కుర్చీ దగ్గరికి ఎవర్నీ రానివ్వకండి."

"వైరు సరిగ్గానే గుచ్చావా?"

"బావ నేర్పిన పనే సార్."

మైదానం మధ్యలో ఒంటరి కుర్చీ. తెల్లకోటు, వెడల్పు టోపీ. డ్రోన్ చెట్ల మీదుగా వచ్చి నెత్తిన నిలబడింది. మైదానం అంచున టెక్నికల్ సెక్షన్ కంట్రోల్ టెంటులో, రిమోట్ పట్టుకుని స్క్రీన్ ముందు బావ కూర్చుని ఉంటాడు. టెస్టర్ తల వంచుకునే కూర్చోవచ్చు. రుజువుకి అది చాలు. కానీ అతని మనసు ఒప్పలేదు. టోపీ తీసి, మొహం పైకెత్తాడు. నన్ను చూడు బావా అన్నట్టు.

కెమెరా అతని మీదే ఆగింది. డ్రోన్ గాలికి ఊగుతోంది, కెమెరా మాత్రం చెక్కుచెదరలేదు. అంత చక్కగా కుదిరిన జింబల్‌లో తన మొహం, అందులో కళ్లూ బావకి స్పష్టంగా కనిపిస్తూ ఉంటాయి. వద్దు బావా, అనుకున్నాడు టెస్టర్. చిన్నపిల్లాడిలా బతిమాలుకున్నాడు. కెమెరా పక్కకి తిరిగింది. అతని గుండె తేలికపడింది. చూశాడు, మానేశాడు.

కెమెరా మళ్లీ వెనక్కి తిరిగింది. డ్రోన్ కుర్చీ మీదికి జారింది.

ఎర్ర లైటు వెలిగింది.

ఆరి, మళ్లీ వెలిగింది. పేలలేదని మళ్లీ నొక్కుతున్నాడు. మొదటిసారి కంటే ఆ రెండోసారే టెస్టర్‌ను ఎక్కువ కాల్చింది.

చీఫ్ మనుషులు టెంటులో దూరారు. మేడమ్ గేటు దగ్గరే దొరికింది, ఎత్తు మడమలతో పరుగు సాగదు. బాంబును విడదీసేవాళ్లు డ్రోన్‌ను పట్టుకుపోయారు. బేడీలతో బావ ఎదురొచ్చాడు.

"నిన్ను చూశాక చెయ్యి ఆగిందిరా."

"చూశాను. తర్వాత?"

పెంచిన చేతులకి బేడీలు ఎలా ఉన్నాయో చూడలేక టెస్టర్ మొహం తిప్పుకున్నాడు.

జేబులో ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, మీ బావ ఫోనెత్తడం లేదు. ఎక్కడికెళ్తున్నాడో ఏనాడైనా చెప్పి చస్తేగా. నీ దగ్గరున్నాడా?"



"ఉన్నాడక్కా. ఇవాళ్టి నుంచి ఆయన ఎక్కడున్నాడన్న బెంగ నీకు అక్కర్లేదు."