నాన్న నవ్వారట

ఆ ఇంట్లో పొద్దున్నే బాత్రూమ్ కోసం జరిగే యుద్ధంలో ఆ రోజు పిచ్చుకే గెలిచింది. ఎనిమిదింటికి గానీ దుప్పటి తియ్యని పిల్ల, ఆరున్నరకే తలస్నానం ముగించి, ఒక చేత్తో రొట్టె ముక్క, ఇంకో చేత్తో కాగితాలు పట్టుకుని వంటింట్లో గిరగిరా తిరుగుతోంది. చిన్నప్పటి నుంచీ నోరు మూతపడదని వాళ్లమ్మ పెట్టిన పేరు పిచ్చుక. యూనివర్సిటీలో చేరినా ఆ పేరు వదల్లేదు, ఆ నోరూ మారలేదు.

"కూర్చుని తినవే. నాటకం సాయంత్రం కదా," అంది అమ్మ. కళ్లజోళ్ల షాపులో పనికి ఆ రోజు సెలవు పెట్టేసింది, కూతురి నాటకం కోసం.

"కూర్చుంటే డైలాగులన్నీ కడుపులోకి జారిపోతాయమ్మా."

"నీకు కడుపులో ఆగేది ఏముంది కనక."

యూనివర్సిటీ హాస్యనాటకాల క్లబ్బుకి ఆ సాయంత్రమే వార్షిక ప్రదర్శన. పద్నాలుగు నాటికలు వస్తే నాలుగు నిలిచాయి. అందులో ఒకటి పిచ్చుకది. రాసిందీ తనే, ముఖ్యమైన వేషమూ తనదే. రెండేళ్లు తెర లాగి, కుర్చీలు మోసి సంపాదించుకున్న అవకాశం. నాటిక ఓ డ్రైవింగ్ మాస్టారి గురించి. పిచ్చుక నాన్న ఇరవై రెండేళ్లుగా డ్రైవింగ్ మాస్టారు. ఇంకా విడమరచి చెప్పాలా?

ఆ క్లబ్బుకో గట్టి నియమం ఉంది. ఎవరిమీద జోకులు వేస్తారో, ముందు వాళ్ల ఎదుట ఆడి చూపించాలి. వాళ్లు సరేనంటేనే స్టేజీ. ఎప్పుడో ఒకసారి లైబ్రరీ ఆవిడని అనుకరిస్తే, ఆవిడ హాల్లో అందరి మధ్యా కూర్చుని ఏడ్చిందట. అప్పటి నుంచీ ఈ నియమం. నాన్నకి చూపించావా అని క్లబ్బు వాళ్లు అడిగితే పిచ్చుక చూపించానంది. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఈ పిల్ల అతికించి ఊరుకోలేదు, ఇస్త్రీ కూడా చేసింది. నాన్న కుర్చీలోంచి జారిపడ్డారంది. ఎక్కిళ్లు వస్తే నీళ్లు తాగించానంది. క్లబ్బంతా మురిసిపోయింది.

నిజానికి చూపించే ధైర్యం ఆమెకి లేదు. తనకి ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న పకపకా నవ్వడం చూడలేదు. టీవీలో హాస్యం వచ్చినా, చుట్టాలు జోకులేసినా, ఆ మొహం మూసిన తలుపే.

ఏడున్నరకి బెల్లు మోగింది. నాన్న ముందుగదిలో బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. లేచి తలుపు తీశాడు. ఎదురుగా ఇద్దరు. క్లబ్బు నడిపే కుర్రాడు, వాణ్ని అందరూ గడ్డం అంటారు. పక్కన నిచ్చెనంత పొడవున్న అమ్మాయి, నాటికలో కారు నేర్చుకునే వేషం ఆమెది. ఆమె పేరూ నిచ్చెనే. కారు సీట్లుగా వాడటానికి భోజనాల బల్ల దగ్గరి కుర్చీలు రెండు పట్టుకెళ్లాలని వచ్చారు.

గడ్డం కుర్చీల సంగతి మరిచిపోయి నాన్న చెయ్యి పట్టేసుకున్నాడు.

"అంకుల్, మీలాంటి నాన్న అందరికీ ఉండాలండీ. మీ మీద జోకులు చూసి మీరే పడీపడీ నవ్వారంటే మాటలా. కుర్చీలోంచి జారిపడ్డప్పుడు దెబ్బేం తగల్లేదు కదా?"

"ఎవరు పడ్డారు?" అన్నాడు నాన్న.

"మీరేనండీ. ఎక్కిళ్లు కూడా వచ్చాయటగా."

వంటింటి గుమ్మంలో పిచ్చుక తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉంది. గడ్డం ఆమె మొహం చూశాడు, నాన్న మొహం చూశాడు. వాడికి అర్థమైపోయింది.

"పిచ్చుకా, చూపించలేదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"అయితే నీ నాటిక లేదు," అన్నాడు మెల్లగా. "నువ్వంటే నాకెంత ఇష్టమైనా సరే. అంకుల్ చూడకుండా తెర లేవదు."

నిచ్చెన సోఫాలో కూలబడింది. పిచ్చుకకి భయంతో పాటు ఎక్కడలేని రోషమూ వచ్చింది. మనం తప్పు చేసినప్పుడే కదా రోషం ముందు వచ్చేది.

"చూపిస్తే ఏమయ్యేది నాన్నా? ఊఁ అని లేచి వెళ్లిపోయేవాడివి. ఈ ఇంట్లో ఎప్పుడైనా నోరారా నవ్వావా? నా స్నేహితుల నాన్నలందరూ నవ్వుతారు. నాకూ అలాంటి నాన్న ఒకడు కావాలనిపించింది. అందుకే చెప్పాను."

"ఏమిటే ఆ మాటలు," అంది అమ్మ.

"ఉండనీ," అన్నాడు నాన్న. ఆయన గొంతు పెరగలేదు. అదే పిచ్చుకని ఎక్కువ భయపెట్టింది. "నా మీద జోకులేసినందుకు నాకేం లేదు. రోజుకి ఆరుగురి పక్కన కూర్చునేవాణ్ని, వెనకాల ఎన్ని అనుకుంటారో నాకు తెలీదా? కానీ నవ్వే నాన్నని మీ క్లబ్బు వాళ్లందరికీ చూపించావు. నాకు మాత్రం నవ్వే అవకాశమే ఇవ్వలేదు."

పిచ్చుక చేతిలోని రొట్టె ముక్కని బల్ల మీద పెట్టేసింది.

"కారులో నేను నవ్వితే నేర్చుకునేవాడు స్టీరింగ్ వదిలేసి వాడూ నవ్వుతాడు," అన్నాడాయన బూటు వైపు చూస్తూ. "అందుకని బుగ్గలు బిగబట్టి కూర్చోవడం అలవాటైంది. ఇంటికొచ్చాక వదలడం మర్చిపోయానేమో. అంతమాత్రాన లోపల ఏమీ లేదనుకున్నావా తల్లీ?"

నాన్న ఫోన్ తీసి, ఎనిమిదింటికి రావాల్సిన శిష్యుణ్ని తొమ్మిదింటికి రమ్మన్నాడు. తర్వాత సోఫా చివర సర్దుకుని కూర్చుని, "కానీండి," అన్నాడు.

గడ్డమే కుర్చీలు పక్కపక్కన వేశాడు. నిచ్చెన గాల్లో స్టీరింగ్ పట్టుకుంది. పిచ్చుక ఆమె పక్కన కూర్చుని, చుబుకం లోపలికి లాగి, నాన్నలా మారిపోయింది.

నాటికలో మాస్టారు కారు దిగినా బడి మూయడు. అన్నం దగ్గర పెళ్లాం చెయ్యి కూర వైపు వెళితే, "సిగ్నల్ ఇవ్వకుండా తిరిగావు," అంటాడు. మంచం మీద ఆవిడ పక్కకి దొర్లబోతే, "ముందు అద్దం చూసుకో," అంటాడు.

"అయ్యో రామా, అది నిజంగానే అన్నారు," అంది అమ్మ, చేతిలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. గడ్డం కిసుక్కుమన్నాడు.

నాన్న మొహంలో మార్పు లేదు. ఇంకో రెండు జోకులు నేలపాలయ్యాయి. అయిపోయింది, అనుకుంది. అయినా ఆడింది.

"మాస్టారూ, మీ అమ్మాయికి నేర్పారా?" అని అడిగింది నిచ్చెన.

"నేర్పకేం. మూడేళ్లుగా నేర్పుతున్నా. చాలా జాగ్రత్త గల పిల్ల," అంది పిచ్చుక అచ్చం నాన్న గొంతుతో. "ఇప్పటికి మా గేటు దాకా వచ్చింది."

సోఫా కిర్రుమంది. ముందు నాన్న భుజాలు కదిలాయి. తర్వాత ముక్కులోంచి ఓ సన్నటి ఈల లాంటి చప్పుడు వచ్చింది. ఆయన దాన్ని అణచబోయాడు, అది వినలేదు. గొంతులోంచి, పొట్టలోంచి, ఇన్నేళ్లూ ఎక్కడెక్కడ దాగిందో అక్కడి నుంచంతా తన్నుకొచ్చింది. కళ్లజోడు తీసేశాడు. మోకాలి మీద కొట్టుకుంటూ, "గేటు దాకా, నిజమే, గేటు దాకానే," అంటూ ఊపిరాడక నవ్వాడు. అమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసి తనూ నవ్వింది.

పిచ్చుక కుర్చీలోనే ఏడ్చేసింది. ఆ నవ్వు తను ఊహించినట్టు లేనేలేదు. అంత అందంగా లేదు, గరగరమంది, మధ్యలో తెగిపోయింది. కానీ అది నాన్నది. తన ముందే ఇన్నేళ్లూ ఉన్నదాన్ని అడగకుండా, ఎవరి నాన్ననో తెచ్చి అందరికీ చూపించింది.

"తప్పయింది నాన్నా," అంటూ వెళ్లి ఆయన పక్కన కూలబడింది. "నీకే ముందు చూపించాల్సింది. భయపడ్డాను."

"నేనూ భయపెట్టాను," అన్నాడాయన, ఆమె తడి తలని భుజానికి హత్తుకుని. చాలాసేపు వదల్లేదు.

గడ్డం గొంతు సవరించుకున్నాడు. "అంకుల్, మరి మీరు నోటితో చెప్పాలండీ. సరేనా?"

నాన్న కళ్లు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, సోఫాలో వెనక్కి జారబడ్డాడు.

"అప్పుడే ఎలా చెప్తాను. సగం మాటలు నా నవ్వులోనే కొట్టుకుపోయాయి. మొదటి నుంచీ ఆడండి."

పిచ్చుక లేచి, మొహం తుడుచుకుని, మళ్లీ కుర్చీలో కూర్చుంది.