కింది గదిలో రెండో మనిషి

ఆ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు రాత్రిపూట శవాల గదికైనా వెళ్తారు గానీ, కింది గదికి ఒంటరిగా వెళ్ళరు.

కింది గది అంటే నేలమాళిగలో ఉన్న స్టోరేజీ గది. పై అంతస్తుల్లో తీసిన ప్రతి స్కానూ, ప్రతి ఎక్స్‌రే చివరికి వచ్చి చేరేది అక్కడికే. కిటికీలుండవు. ఎముకలు కొరికే చలి. దుమ్ము పడకూడదని చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. లోపల బీరువాల్లాంటి యంత్రాలు తలుపులు మూసుకుని రాత్రింబవళ్ళు రొద పెడుతుంటాయి. ఆ వరసలో చివరన, మూలకు నిలబడ్డ పాత యంత్రాన్ని అందరూ 'ముసలిది' అంటారు.

దాన్ని ఏళ్ళ తరబడి కనిపెట్టుకుని ఉన్న పెద్దాయన అక్కడే, ఆ కుర్చీలోనే ప్రాణం వదిలాడని చెప్పుకుంటారు. పోయినా గది వదల్లేదనీ చెప్పుకుంటారు. ముసలిదాన్ని ఆపేద్దామని ఒకడు వెళ్ళాడు... తెల్లారేసరికి రాజీనామా ఇచ్చాడు. ఇంకొకడు వెళ్ళాడు... బయట విప్పిన బూట్లు కూడా తొడుక్కోకుండా మెట్లెక్కి పరిగెత్తాడు. ఏం జరిగిందిరా అంటే ఇద్దరిదీ ఒకటే మాట — "పెద్దాయన వద్దన్నాడు."

గోరంతలు కొండంతలు చేసేవాళ్ళు ఏ ఆఫీసులోనైనా ఉంటారు. అందుకే నేను విన్నది విన్నట్టు చెబుతున్నాను, ఉప్పూ కారం చల్లకుండా.

స్టోరేజీ పనికి ఒక కొత్తమ్మాయిని తీసుకున్నారు. తాత్కాలికం. ఇంట్లో అమ్మ, చదువుకుంటున్న చెల్లెలు. ముగ్గురికీ ఆమె జీతమే ఆధారం. ఒకరోజు సాయంత్రం మేనేజరు పిలిచాడు.

"ముసలిదానిలో ఉన్నవన్నీ కొత్త యంత్రంలోకి మార్చేశాం. పొద్దున్నే లారీ వస్తుంది. ఈ రాత్రికి దాన్ని పూర్తిగా తుడిచిపెట్టు. పొద్దున నిన్ను పర్మనెంటు చేస్తూ సంతకం పెడతాను. లేదంటే..."

 మెట్లు దిగుతున్నంతసేపూ ఆమెకి ఒకటే అనుమానం. ఇంతమంది పాతకాపులుండగా నన్నే ఎందుకు పంపుతున్నాడు? పాముని పరాయి చేత్తో పట్టించే రకం కాదు కదా ఈయన?

ఆసుపత్రిలో వైర్లు లాగే ఆయన, ఆమె అన్నయ్యా అని పిలిచే మనిషి, తోడొచ్చాడు — గుమ్మం దాకా.

"నువ్వు కానియ్యమ్మా. నేను పైన ఉంటా."

"లోపలికి రారా అన్నయ్యా?"

"లోపల చలి. నాకసలే జలుబు."

"జలుబా, భయమా?"

"ఏదైతేనేంటమ్మా, రెండింటికీ వణుకే కదా వచ్చేది," అని నవ్వాడు గానీ, ఆ నవ్వు మొహంలో లేదు. నాలుగంగల్లో మెట్లెక్కేశాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలోనే.

ముసలిదానికి బొమ్మలూ బొత్తాలూ ఉండవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. మనం ఒక కమాండు టైపు చేసి అడగాలి, అది జవాబు చెబుతుంది. అడిగినదానికే చెబుతుంది. అడగనిది చచ్చినా చెప్పదు, కోర్టులో సాక్షిలాగా.

ఏయే అరలున్నాయో చెప్పమని అడిగింది. వరసగా పేర్లు వచ్చాయి. పెద్దాయన పెట్టిన పేర్లు, ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చ తెలుగు. ఎంత చోటిచ్చినా చాలదనే అర పేరు 'అల్లుడు'. రాత్రీ పగలూ చాకిరీ చేసినదాని పేరు 'కోడలు'. భయం పక్కనపెట్టి నవ్వేసింది. అల్లుణ్ణి తుడిచింది. కోడల్ని తుడిచింది. ముసలిది కిక్కురుమనలేదు.

చివరికి ఒక్కటి మిగిలింది. దాని పేరు — 'ముట్టుకోవద్దు'.

ఆమె వేళ్ళు ఆగాయి. దీన్ని ఏ కంప్యూటరుకి ఇచ్చారని అడిగింది. దేనికీ ఇవ్వలేదంది. లోపల ఎంత ఉందని అడిగింది. దాదాపు ఖాళీ అంది. ఎవరైనా చదువుతున్నారా అని ఊరికే, పద్ధతి ప్రకారం అడిగింది.

చదువుతున్నారు.

మళ్ళీ అడిగింది. కాసేపు ఏమీ లేదు... తర్వాత ఒక్కసారి ఎవరో చదివారు. మళ్ళీ నిశ్శబ్దం... మళ్ళీ ఒకసారి. నాడి కొట్టుకుంటున్నట్టు.

లోపల ఎవరెవరు ఉన్నారని అడిగింది. ఆమె నంబరు ఒక్కటే ఉందని చెప్పింది ముసలిది.

ఆమెకు దెయ్యం కన్నా ముందు దొంగే గుర్తొచ్చాడు. ఎవరో దొడ్డిదారిన రోగుల వివరాలు లాగేస్తున్నారా? మేనేజరే లాగిస్తున్నాడా? రేపు బయటపడితే తుడిచింది ఈ కొత్తపిల్లే అని నా మీదికి తోస్తాడా? ఎవర్ని నమ్మాలో తెలియలేదు. అయినా పని ఆపితే ఉద్యోగం పోతుంది. తుడిచే కమాండు కొట్టింది.

'ఈ అరను తుడవడానికి రెండో మనిషి అనుమతి కావాలి. అడిగాను. రెండో మనిషి: పెద్దాయన.'

పెద్ద స్టోరేజీల్లో ఇదొక పద్ధతి. ఒక చెయ్యి పొరపాటు చేసి అంతా ఊడ్చిపెట్టకుండా, ముఖ్యమైన అరల విషయంలో ఇద్దరు ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. పెద్దాయన పోయాక తలుపు మీద ఆయన పేరు పీకేశారు, హాజరులోంచి కొట్టేశారు. ముసలిదానిలోంచి తీసేయాలని మాత్రం ఏ ఒక్కరికీ తట్టలేదు.

సరే, పోయినవాడు ఏం జవాబిస్తాడు, గడువు తీరితే ఆ అడ్డు దానంతటదే తొలగిపోతుందిలే అనుకుంది.

తెర మీద ఇంకో వరస వచ్చింది.

'పెద్దాయన తిరస్కరించారు. కారణం: '

కారణం దగ్గర ఖాళీ.

ఆమె ఫోన్ తీసింది. "అన్నయ్యా... ఆటలాడుతున్నది మీరేనా?"

"ఏ ఆటమ్మా?" అని, వెంటనే గొంతు తగ్గించాడు. "వద్దన్నాడా? ...చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చెయ్యి తల్లీ. ఉద్యోగం ఇంకోటి వస్తుంది."

ఇంకోటి ఎక్కడొస్తుంది? అమ్మ మొహం గుర్తొచ్చింది. మేనేజరుకి ఫోన్ చేసింది. ఆయన ఆవలిస్తూ విన్నాడు.

"రెండో మనిషి అడ్డం పడితే దాటిపోయే కమాండు ఒకటుంది. పంపిస్తున్నా, కొట్టెయ్. దెయ్యాలకి దడుచుకునేవాళ్ళకి ఇక్కడ పర్మనెంటు లేదమ్మా."

మరుక్షణంలో కమాండు వచ్చి పడింది. ఇంత సిద్ధంగా ఎందుకు పెట్టుకున్నాడు? ఆమె అనుమానం రెట్టింపయింది. అయినా పోయినవాణ్ణి దాటిపోవడానికి మనసొప్పక, మర్యాదకి ఇంకొక్కసారి అనుమతి అడిగింది. జవాబు కోసం ఆగకుండా కింది వరసలో మేనేజరు పంపిన కమాండు అక్షరం అక్షరం టైపు చేసింది. వేలు ఎంటర్ మీదికి తెచ్చింది. నొక్కబోతుండగా —

'పెద్దాయన తిరస్కరించారు. కారణం: వద్దు తల్లీ.'

ఆ యంత్రంలో ఆమెకు పేరు లేదు. వట్టి నంబరే. ఆడపిల్లో మగపిల్లాడో దానికెలా తెలుసు?

నిప్పు మీద నుంచి తీసినట్టు వేలు వెనక్కి లాక్కుంది. యంత్రాల రొద ఒక్కసారిగా పెరిగినట్టనిపించింది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం, చూడకపోతే ఇంకా భయం. ఆ భయంలోంచే కోపం తన్నుకొచ్చింది.

"వద్దంటే సరిపోతుందా? ఎందుకో చెప్పొద్దూ!" అని గట్టిగా అరిచింది.

అరిచాక తట్టింది. ముసలిది అడిగినదానికే చెబుతుంది. ఈ అరను ఏ కంప్యూటరుకి ఇచ్చారని అడిగింది గానీ, ఆ చదువుతున్నది ఏ వైరులోంచి వస్తోందని అడగనే లేదు. అడిగింది.

జవాబు వచ్చింది. చదువుతున్నది పక్కనే నిలబడి ఉన్న కొత్త యంత్రం.

ఆమె అర తెరిచి చూసింది: ఒకే ఒక్క చిన్న ఫైలు, తాళం తీసే రహస్య అంకెలు. కొత్త యంత్రంలో స్కాన్లన్నిటికీ తాళం వేసి ఉంది. ఆ తాళంచెవి ఇంకా ఈ అరలోనే ఉంది. అది మాటిమాటికీ వచ్చి చెవి ఉందా లేదా అని చూసుకుపోతోంది, అంతే. అంతా మార్చేశామనుకున్నవాళ్ళు చెవిని మార్చడం మరిచిపోయారు. తను ఎంటర్ నొక్కి ఉంటే ఆసుపత్రిలో ఒక్క స్కాను కూడా తెరుచుకునేది కాదు. పొద్దున ఆపరేషను బల్ల ఎక్కాల్సినవాళ్ళ గతేమయ్యేది? నింద ఎవరి నెత్తిన పడేది?

పొద్దున మేనేజరుకి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు. పాపం, ఆయన మనసులో ఏ కుట్రా లేదు. మునుపటి ఇద్దరూ పారిపోయాక, యంత్రం అమ్మినవాళ్ళని అడిగి ఆ కమాండు దాచిపెట్టుకున్నాడంతే. లారీ ఖాళీగా తిరిగిపోయింది. సంతకం పడింది. తాళంచెవిని జాగ్రత్తగా కొత్తదానిలోకి మార్చే పని ఆమెకే అప్పగించారు.

కానీ ఆమెకు స్థిమితం లేదు. వద్దన్నది ఎవరు? మళ్ళీ కిందికి దిగి, పెద్దాయన వివరాలు చెప్పమని ముసలిదాన్ని అడిగింది. ఒక ఫోన్ నంబరు ఇచ్చింది. పైకి వచ్చి, నలుగురి మధ్య, ఎండలో నిలబడి ఆ నంబరు కలిపింది.

"ఎవరూ?" ఒక ముసలావిడ గొంతు.

ఆమె జరిగిందంతా చెప్పింది. అవతల చిన్న నవ్వు వినిపించింది.

"ఓ, నువ్వా రాత్రి నిద్ర చెడగొట్టింది? ఆయన పోయి చాలా కాలమైందమ్మా. కుర్చీలో ఏంటి, నా ఒళ్ళో పోయారు. పోయేముందు బ్యాంకు సంగతి చెప్పలేదు, బిడ్డల సంగతి చెప్పలేదు. 'ఆ గది నుంచి ఫోన్ మోగితే ఒకటి నొక్కకు, రెండు నొక్కు. ఒకటంటే సరే, రెండంటే వద్దు' అన్నారు. అదే నొక్కుతున్నా. ఈ ఫోన్ తీయించెయ్యమని పిల్లలు పోరు పెడుతున్నారు. నేనే ఒప్పుకోవట్లేదు. ఆయన్ని ఇంకా ఒక మాట అడిగేది ఆ మిషనొక్కటే కదమ్మా."

కొత్తమ్మాయికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్ళూ అందరినీ పరుగులు పెట్టించిన దెయ్యం ఈవిడా!

"మీరు రెండోసారి ఆ మాట రాయకపోతే నేను నొక్కేసేదాన్నండీ. ఎంతమంది ప్రాణాలు కాపాడారో మీకు తెలీదు."

"ఏ మాటమ్మా?"

"అదేనండీ... 'వద్దు తల్లీ' అని."

 

"నేనేం రాయలేదమ్మా. ఇది గోడకి తగిలించిన పాత ఫోన్. మోగితే ఎత్తుతాను, రెండు నొక్కుతాను. అంతే."  తర్వాత ఆవిడ, పక్కన ఎవరో వింటారేమో అన్నట్టు గుసగుసగా అడిగింది —

"ఇంకేమైనా అన్నారా అమ్మా?"