వీపు గోకమన్న దెయ్యం

పెదపాడు దాటాక కాలవ మీద ఒక పాత తూము ఉంది. చీకటి పడ్డాక అటు వెళ్లకూడదని పంతొమ్మిదివందల ముప్పయ్యారులో మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. అక్కడి దెయ్యం పీక నొక్కదు, రక్తం తాగదు. మర్యాదగా పిలుస్తుంది... అదే మరీ భయం.

కబుర్లు చెప్పడంలో మా బంగార్రాజుని మించినవాడు లేడు. ఒక రాత్రి పంతం పట్టి తూము దాకా వెళ్లాడు. నీళ్లలోంచి గొంతు — "ఏవండీ... కాస్త వీపు గోకిపెడుదురూ..."

అంతే. చెప్పులు అక్కడ, బంగార్రాజు ఇక్కడ. వారం రోజులు జ్వరం.

తర్వాతి సంగతి మంత్రసాని మరియమ్మ చెప్పగా విన్నది. ఆవిడ మొగుడు పోయి చాలా ఏళ్లయింది, ఎవరికీ జడిసే మనిషి కాదు. ఆ వేసవిలో కాన్పు చేసి ఒంటరిగా తిరిగొస్తోంది. అమావాస్య. ఆకు కదలడంలేదు... కప్పలు కూడా అరుపు ఆపేశాయి.

నీళ్లు కదిలాయి. మెడ దాకా మునిగిన తల ఒకటి — ఇటు తిరిగింది.

"ఏవండీ..."

మరియమ్మ చేతిలో సంచి గట్టిగా హత్తుకుంది.

"దురదతో చచ్చిపోతున్నానండీ... కాస్త వీపు గోకిపెడుదురూ..."

ఆవిడకి భయంలోనే కోపం ముంచుకొచ్చింది. "చచ్చాక కూడా దురదేవిట్రా నీకు! ఇటు రా!"

దెయ్యం బుద్ధిగా గట్టెక్కి, వెనక్కి తిరిగి కూచుంది. మరియమ్మ వీపు మీద చెయ్యి వేసింది. చేతికి తగిలింది మామూలు చర్మం కాదు... గట్లు గట్లుగా, బిగుసుకుపోయి ఉంది.

"కాలిన ఒళ్లు కదూ?" అంది గుసగుసగా.

"అవునండీ. నా పేరు ఏలీయా. ధాన్యం మిల్లులో బాయిలరు పేలిందండీ. పుండ్లు మానాయి గానీ ఇన్నేళ్లయినా దురద మానలేదు. చంక అతుక్కుపోయి చెయ్యి వెనక్కి పోదండీ. కాలినచోట చెమట పట్టదు, వేసవొస్తే ఒళ్లు కుంపటే. నీళ్లలో కూచుంటేనే ప్రాణం కుదుటపడుద్ది. పగలొస్తే పిల్లలు జడుసుకుంటారండీ."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"అమ్మ ఉండేదండీ. పోయింది. అప్పట్నుంచీ దారినపోయేవాళ్లనే అడుగుతున్నాను... పాపం, అందరికీ తొందర పనులేనండీ."

మరియమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "గోకితే మళ్లీ పుండవుద్ది. కదలకు" అని, సంచిలోంచి ఆముదం తీసి వీపంతా మెల్లగా రాసింది. "అబ్బా..." అని ఏలీయా తీసిన మూలుగుకి ఊళ్లో కుక్కలన్నీ లేచాయి.

అది మొదలు తూము దగ్గర రెండు గొంతులు. "ఇంకాస్త కిందకండీ..." "నోరు మూసుకు కూచో!" బంగార్రాజు దూరం నుంచి విని, దెయ్యానికి పెళ్లయిపోయిందని ఊరంతా చాటాడు.

చివరికి పాస్టరుగారే లాంతరు పట్టుకుని వెళ్లి చూసొచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక గొంతు సవరించుకుని — దెయ్యానికి పెళ్లి ఇంకా కాలేదనీ, వానలు పడగానే చేస్తున్నామనీ, అందరూ భోజనానికి రావాలనీ చెప్పారు.