ఐదో దోసిలి

ఒమాన్ దేశంలో బర్కా ఊరు దాటాక సముద్రం పక్కనే సాగే రోడ్డు మీద, ఖర్జూర తోటలు అయిపోయిన చోట, ఒక రెస్ట్ హౌస్ ఉండేది. మంచినీళ్ళ కోసం బోరు వెయ్యడానికి వచ్చిన జపాన్ ఇంజనీర్లు కట్టుకున్నది. వాళ్ళకి మంచినీళ్ళు పడలేదు. పొగలు కక్కే వేడినీళ్ళు పడ్డాయి, గంధకం వాసనతో. తాగడానికి పనికిరాని ఆ నీళ్ళని చూసి వాళ్ళు పండగ చేసుకున్నారట. వాళ్ళ దేశంలో సముద్రపు ఒడ్డున ఇలాంటి నీళ్ళ చుట్టూ సత్రాలుంటాయట. అచ్చం అలాగే కొయ్య తొట్లు, పక్కకి జరిపే తలుపులు, చాపలు పరిచిన గదులు కట్టుకున్నారు. పని ముగించుకుని వాళ్ళు వెళ్ళిపోయాక, మా చెల్లెలి భర్త సత్యనారాయణమూర్తి పనిచేసే రోడ్ల కంపెనీ దాన్ని తీసుకుంది. సెలవురోజుల్లో ఉద్యోగుల కుటుంబాలకి ఇచ్చేది.

నేను వెళ్ళింది డెబ్బై ఏడు జనవరిలో. కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మా చెల్లెలు శేషుకుమారికి అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి ఏడో నెల వచ్చేసరికి మూర్తిగారు టిక్కెట్టు పంపి, "వదినగారూ, మీరు పక్కనుంటే దానికి ధైర్యం," అని రాశారు. సెలవు పెట్టి మస్కట్‌లో దిగాను.

మస్కట్ పక్కనే ఉన్న వాదీ కబీర్‌లోని వాళ్ళ ఫ్లాట్‌లో బుధవారం నాడు శ్రీమంతం చేశారు. ఒడి నింపడానికి ఐదుగురు ముత్తైదువలు కావాలి. ఆ రోజుల్లో అక్కడ తెలుగు ఆడవాళ్ళని పోగుచెయ్యడం చిన్న పని కాదు. నలుగురే వచ్చారు. ఐదో ఆవిడ శాంతమ్మగారికి జ్వరం. ఆవిడ పొయ్యవలసిన బియ్యం, పసుపు కొమ్ము, ఎండు కొబ్బరి చిప్ప రవికెల గుడ్డలో మూటగట్టి శేషు తన దగ్గరే పెట్టుకుంది.

"పోనీ నేను పోసేస్తాను, ఇటు తే," అన్నాను నేను.

శేషు మూట మీద చెయ్యి వేసింది. మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. నాకు అర్థమైంది, బాధపడలేదు కూడా. కడుపు రెండుసార్లు పోయిన పిల్ల దేన్నయినా పట్టుకుంటుంది.

గురువారం మధ్యాహ్నం ఆ రెస్ట్ హౌస్‌కి బయల్దేరాం. శేషుకి నడుం నొప్పి, కాళ్ళ వాపులు. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోవచ్చు, అంతకుమించి దిగడానికి వీల్లేదని నేను ముందే చెప్పాను.

అక్కడ కాపలా చూసేది నిజామాబాద్ నుంచి వచ్చిన నసీరుద్దీన్. ఆయన భార్య వజీరున్నీసా ఆడవాళ్ళ స్నానాల గది చూసేది. లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు. నా షరతు విని నవ్వింది.

"నీళ్ళల్ల దిగకుంట నీళ్ళ కాడికి ఎందుకొచ్చిన్రమ్మా? బిర్యానీ ముంగట కూసోని వాసన సూసిపోయినట్టు!"

"వాసన చాలు మాకు. ఈ నీళ్ళ వాసనకి కడుపు నిండిపోయింది," అన్నాను.

"ఇగో, ఈ పెద్దమ్మ మాటలు జోరున్నయి," అని శేషుకేసి కన్నుగీటింది.

ఆ సెలవుకి అక్కడ మేం ముగ్గురమే. ఇంకే కుటుంబమూ రాలేదు.

ఆడవాళ్ళ వైపు ముందొక చిన్న గది, బట్టలు మార్చుకోవడానికి. దాన్లో గోడవారగా కొయ్య బల్ల. ఆ గది దాటి తలుపు జరిపితే తొట్టి ఉన్న గది. దానికి వేరే దారి లేదు, పైన చేయి పట్టేంత కిటికీ తప్ప. తొట్టి నల్లటి చెక్కతో చేసింది, నీళ్ళు అంచుదాకా నిండి, నిశ్శబ్దంగా పొర్లి నేల కాలువలోకి పోతున్నాయి. ఆవిరి ఎంత చిక్కగా ఉందంటే ఎదురుగోడ కనిపించదు. చెక్క నాని నాని మెత్తబడిన వాసన, గంధకం వాసన, వాటి అడుగున ఎక్కడో సన్నగా సాంబ్రాణి. ఆ దేశంలో సాంబ్రాణి వెయ్యని ఇల్లుండదు. అంచేత దాని గురించి ఆలోచించలేదు.

శేషు అంచున కూర్చుని కాళ్ళు పెట్టుకుంది. చాలా రోజుల తర్వాత దాని ముఖం తేటపడింది. బయట సముద్రం హోరు, పెరట్లో జనరేటర్ దడదడ. అంతే.

పొద్దు వాలుతుండగా జనరేటర్ ఆగిపోయింది.

దీపాలు పోయాయి. అంత చప్పుడూ ఒక్కసారి లేకుండా పోయేసరికి చెవులు మూసుకుపోయినట్టయింది. మూర్తిగారు, నసీరుద్దీన్ పెరట్లో దాన్ని తిప్పి తిప్పి తిట్టుకుంటున్నారు. వజీరున్నీసా లాంతరు ఒకటి మాకు పెట్టి, ఇంకోటి వెలిగిస్తానని వంటింట్లోకి పోయింది. శేషుని లేపి, కాళ్ళు తుడిచి, ముందు గదిలో బల్ల మీద కూర్చోబెట్టాను. చలి వేస్తోందంది.

"కదలకు. శాలువా తెస్తాను," అని లాంతరు దాని దగ్గరే వదిలి, మా గదికి వెళ్ళాను.

వెతికేసరికి కాస్త ఆలస్యమైంది. తిరిగి వస్తుంటే వరండాలో ఉండగానే శేషు గొంతు వినిపించింది. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడుతోంది. నవ్వుతోంది.

తలుపు జరిపాను.

శేషు ఎదురుగా ఒకామె నిలబడి ఉంది. వయసు శేషు ఈడే. కొత్త చీర, మడతల గీతలు అలాగే ఉన్నాయి. జుట్టు తడిసి నీళ్ళు కారుతున్నాయి. నుదుట రూపాయి కాసంత బొట్టు. ముఖమంతా పసుపు... పూసుకున్నట్టు కాదు, మెత్తినట్టు. చెవుల దాకా, మెడ దాకా.

"అక్కా, చూశావా!" శేషు కళ్ళు మెరుస్తున్నాయి. "నేనే పిలిచాను. లోపల్నించి వచ్చారు. బొట్టు, మెట్టెలు, అన్నీ... మనవాళ్ళే. ఒడి నింపుతారా అంటే సరేనన్నారు."

లోపల్నించి. లోపల మేం తప్ప ఎవరూ లేరే అనుకున్నాను. ఆవిరిలో కనిపించలేదేమో అని కూడా అనుకున్నాను. మనిషి బుర్ర అలాగే పనిచేస్తుంది.

"మీదే ఊరండీ?" అన్నాను.

"ఊఁ," అంది. ముద్దగా. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు.

శేషు కొంగు పరిచింది. ఆమె రవికెల గుడ్డ మూట విప్పి, బియ్యం దోసిట్లోకి తీసుకుని, మెల్లగా పొయ్యడం మొదలుపెట్టింది. గింజలు జలజలా రాలలేదు. పొత్... పొత్... అని పడుతున్నాయి. తడి బియ్యం. మేం కట్టింది పొడి బియ్యం.

ఒక దోసిలి. ఎంతసేపటికీ అవదు. శేషు ఒళ్ళో కుప్ప పెరుగుతోంది.

నా చూపు కిందికి వెళ్ళింది. లాంతరు నేల మీద ఉంది, ఆమె పాదాల దగ్గర. వెండి మెట్టెలు ఉన్నాయి. శేషు చూసింది అవే. నేను చూసింది బొటనవేళ్ళని. రెండు బొటనవేళ్ళకీ తెల్లటి దారం చుట్టి ఉంది. మధ్యలో తెగింది. కొసలు రెండూ నేల మీద తడిగా పడి ఉన్నాయి.

ఆ దారం ఎందుకు కడతారో నాకు తెలుసు. మా ఆయన కాళ్ళు రెండూ కలిపి కట్టడానికి దారం కావాలంటే, కుట్టుపెట్టె తెరిచి ఇచ్చింది నేనే.

"శేషూ," అన్నాను. "లే."

"ఉండక్కా, మధ్యలో లేవకూడదు..."

"లేవమన్నానా."

ఆమె తల తిప్పి నాకేసి చూసింది. దీవించడానికన్నట్టు నోరు తెరిచింది. నోటి నిండా బియ్యం. ఉబ్బిపోయిన తెల్లటి గింజలు పెదవుల మీంచి గడ్డం మీదుగా జారి శేషు ఒళ్ళో పడ్డాయి. నోరు ఖాళీ అయ్యాక ఆమె వంగింది. శేషు చెవి దగ్గర ఏదో అంది. తిన్నగా తొట్టి గదిలోకి నడిచి వెళ్ళింది.

నీళ్ళ చప్పుడు కాలేదు.

నేను లాంతరు పట్టుకుని వెంటనే లోపలికి వెళ్ళాను. ధైర్యం కాదు, అలవాటు. క్లాసులో ఎవరు గొణిగినా బెంచీ దాకా వెళ్ళి చూస్తాను. గది ఖాళీ. తొట్టిలో నీళ్ళు కదలడం లేదు. అంచు మీంచి పొర్లడం కూడా ఆగిపోయింది. నీళ్ళు అంచుకి జానెడు కిందికి దిగిపోయి ఉన్నాయి... ఎవరో లోపల్నించి లేచి వెళ్ళిపోయినట్టు.

వజీరున్నీసా రెండో లాంతరుతో వచ్చింది. ఆమెని వరండాలోకి లాగి చెప్పాను. వింటూ వింటూ గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది.

"పసుపు... మెడ దాకనా?"

"మెడ దాకా."

"నేనే రాసిన," అంది. గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "పోయినేడు. ఓవర్సీర్ పెండ్లాం, తొమ్మిదో నెల. ఈడనే తొట్టి కాడ జారి పానం ఇడిసింది. మీ ఆడోళ్ళు ఒక్కరన్న లేరమ్మా. ఆయన చెప్పుకుంట ఏడుస్తుంటే నేను రాసిన, నేనే బొట్టు పెట్టిన. నోట్ల బియ్యం గూడ నేనే పోసిన."

"బిడ్డ?"

"మీ దాంట్ల కడుపుల బిడ్డను తీసి, ఏరుగ బొందపెట్టాలంట గద? ఈడెవరు తీస్తరు? గట్లనే ఒడ్డు మీద కాల్చిన్రు." కళ్ళు తుడుచుకుంది. "నాకు ఎన్నడు కనబడలే. చూలాలు ఎవ్వరు రాలే గద ఇన్నొద్దులు..."

నేను గదిలోకి వెళ్ళేసరికి శేషు కొంగు ముడివేసుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ముడి లోంచి నీళ్ళు కారి చీర తడిసిపోతోంది.

"అది పారబోసెయ్. ఆమె బతికున్న మనిషి కాదు."

"ఒళ్ళో పడింది పారబోస్తారా ఎవరైనా? బిడ్డని పారబోసినట్టే."

"శేషూ, వేళ్ళకి దారం చూశాను. నోట్లో బియ్యం చూశాను."

అది తలెత్తింది. నా చెల్లెలు ఎప్పుడూ నన్నలా చూడలేదు. "నువ్వు పొయ్యడానికి పనికిరావని నీకు కడుపుమంట," అంది.

నేను ముడి పట్టుకుని లాగాను. అవును, లాగాను. అది నా మణికట్టు కొరికింది.

మూర్తిగారికి చెప్పాను. సామాను కారులో పడేశారు. తిరుగుదారిలో ఆయన ముందు, మేమిద్దరం వెనక. సీబ్ ఊరు దాకా ఒక్క దీపం లేదు. చీకట్లో నా పక్కన ఏదో చప్పుడు మొదలైంది... చప్పరించడం, మింగడం. మళ్ళీ మింగడం. చెయ్యి చాచి తడిమాను. కొంగు ముడి విప్పి ఉంది. బియ్యం సగానికి పైగా లేదు.

"శేషూ, ఉమ్మేసెయ్. నా తల్లి కదూ..."

"ఒడిబియ్యం వండుకునే తినాలనేముంది?" అంది, నిండిన నోటితో.

మర్నాడు దాన్ని ఆస్పత్రికి తీసుకువెళ్ళాను. డాక్టరు మలయాళీ ఆవిడ, మాటలు తక్కువ. బిడ్డ గుండె చప్పుడు వినే కొయ్య గొట్టం కడుపుకి ఆనించి వింది. చోటు మార్చి వింది. పాత చీటీ చూసుకుంది.

"కవలలని నేను చెప్పలేదా?"

"లేదు."

"నా పొరపాటే అయ్యుంటుంది," అంది. "రెండు గుండెలు."

మూర్తిగారు సంతోషపడ్డారు. నేను కాకినాడకి ఉత్తరం రాసి సెలవు పొడిగించుకున్నాను. శేషుకి తొమ్మిది నిండేదాకా దాని పక్కనే పడుకున్నాను. అది నాతో మామూలుగానే ఉండేది. ఆమె నీ చెవిలో ఏమందని ఎన్నిసార్లు అడిగినా, "వాణ్ణి జాగ్రత్తగా చూసుకో అంది, అంతే," అనేది. ఎవణ్ణి అని నేను అడగలేదు.

కాన్పు తేలిగ్గా అయింది. ఆడపిల్ల. చక్కగా ఏడ్చింది, చక్కటి బరువు. మూర్తిగారు వరండాలో నిలబడి ఏడుస్తున్నారు. నేను కూడా కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

డాక్టరు రెండో బిడ్డ కోసం చూసింది. చాలాసేపు చూసింది. మాయ ఒక్కటే పడింది, పూర్తిగా. కడుపు నొక్కి చూసింది. గర్భసంచి ముడుచుకుపోయి గట్టిగా ఉంది, లోపల ఏమీ లేదంది. నర్సు చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. డాక్టరు మాత్రం కొయ్య గొట్టం తీసుకుని, ఊరికే, నమ్మకం కోసమన్నట్టు ఇంకోసారి ఆనించింది.

ఆనించిన తల ఎత్తలేదు.

చివరికి లేచి, గొట్టం నా చేతికిచ్చింది. దాని వెడల్పు కొసని శేషు పొట్ట మీద పెట్టి, ఇవతలి కొసకి చెవి ఆనించాను. వేగంగా, చిన్నగా, గడియారాన్ని గుడ్డలో చుట్టినట్టు... కొట్టుకుంటోంది.

"మెల్లగా అక్కా," అంది శేషు, కళ్ళు మూసుకునే. పక్కన ఉయ్యాల్లో ఉన్న పిల్ల వంక అది ఇంకా చూడలేదు. "ఇప్పుడే పడుకున్నాడు."

నేను కదలకుండా విన్నాను. ఆ చప్పుడు ఆగింది. తను కూడా వింటున్నట్టు, కాసేపు ఏమీ లేదు.

తర్వాత మళ్ళీ మొదలైంది... ఈసారి ఇంకా దగ్గరికి జరిగి, సరిగ్గా నా చెవి కింద.