బర్రె పొట్టలోని పురుగు

1974 ఆగస్టు. సోమవారం ఉదయం.

శాలిబండలోని ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ ల్యాబ్ బీరువా తెరిచి ఉంది. తాళం పగలలేదు. మైక్రోస్కోపులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మూడు గాజు స్లైడ్లు మాత్రం లేవు.

“మైక్రోస్కోపులు ఇడిసిపెట్టి గాజు పలకలు ఎత్తుకపోయిండా? మస్తు దొంగే,” సబ్ ఇన్‌స్పెక్టర్ రామ్‌చందర్ నవ్వాడు.

లెక్చరర్ సోమశేఖర్ నవ్వలేదు.

“వాటిలో ఎర్ర లేబుల్ అంటించింది టైప్ స్లైడ్ సార్. మా అటెండర్ అంజన్న తండ్రి ఆగయ్య పాల వ్యాపారి. ఆయన బర్రె చచ్చిపోతే పొట్ట కోసి చూశాను. కొత్త జాతి పురుగు దొరికింది. కొత్త జీవికి పేరు పెడితే ఒక్క నమూనాను ఆ పేరుకు సాక్ష్యంగా దాచాలి. అది పోతే నా మాట ఎవరూ నమ్మరు.”

“అసుంటి పురుగే ఇంకోటి పెట్టుకోరాదు?”

“సీసా నిండా ఉన్నాయి. కానీ నా పరిశోధన పేపర్లో అచ్చయింది ఆ ఒక్క స్లైడ్ గురించే.”

“తాళపుచెవులు ఎవరెవరి దగ్గరుంటయ్?”

“నా దగ్గర, అంజన్న దగ్గర, జూనియర్ లెక్చరర్ వైకుంఠం దగ్గర.”

ఆ పురుగు కొత్తదే కాదని స్టాఫ్‌రూంలో గొడవపడింది వైకుంఠమే. రామ్‌చందర్ మొదట అతన్నే పట్టుకున్నాడు.

“స్లైడ్ మాయమైతే నీకే గద లాభం?”

“నష్టం సార్. ఆయన తప్పని నిరూపించాలన్నా నాకు ఆ స్లైడే కావాలి.”

రామ్‌చందర్ ముఖం చిన్నబోయింది. మళ్లీ ల్యాబ్‌లోకి వెళ్లాడు. గోడ మీద పురుగు బొమ్మ చార్టు. దాని అడుగున ఒక పట్టీ చిరిగి ఊడిపోయి ఉంది.

“ఫ్యాను గాలికి చిరిగి ఉంటుంది,” అన్నాడు సోమశేఖర్.

“అక్కడ ఏం రాసి ఉండె?”

“పురుగు పేరు.”

రామ్‌చందర్ బీరువా మళ్లీ వెతికాడు. సీసా కదల్లేదు. దాని మీద నంబరే ఉంది. పక్కనే ఇంకో స్లైడ్. అదే పురుగు, కానీ పేరు రాయలేదు. దాన్నీ ఎవరూ ముట్టలేదు.

ఆయన సోమశేఖర్ చెవిలో ఒక ప్రశ్న అడిగాడు. జవాబు విని మీసం దువ్వుకున్నాడు.

ఆ సాయంత్రమే తను అనుమానించిన మనిషిని వరండాలోకి పిలిచి మెల్లగా అడగవచ్చు. కానీ రామ్‌చందర్‌కు నలుగురి ముందు కేసు విప్పడమంటే సరదా.

మరునాడు అందరినీ ల్యాబ్‌లో నిలబెట్టాడు. ప్రిన్సిపాల్, లెక్చరర్లు, అంజన్న. బర్రె ఆయనదే కదా అని ఆగయ్యనూ పిలిపించాడు.

“దొంగ పురుగు కోసం రాలే. పేరు కోసం వచ్చిండు. పేరున్న స్లైడ్లు తీసిండు, లేనిది ఇడిసిండు. చార్టు మీద పేరు చింపిండు. గా పేరు ఎవరిది, సోమశేఖర్ గారూ?”

“ఆగయ్యది,” సోమశేఖర్ గొంతు తగ్గింది. “పురుగు పేరులో రెండు పదాలుంటాయి. మొదటిది ఆ రకం పురుగులన్నిటికీ ఉన్నదే. రెండోది ఈయన పేరు మీద నేను పెట్టాను. మా శాస్త్రంలో అది పెద్ద గౌరవం.”

“పురుగుకు నా పేరా?” ఆగయ్య అయోమయంగా చూశాడు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంజన్న తల దించుకున్నాడు.

“నేనే తీసిన సార్. పోరగాళ్లు నన్ను పురుగన్న అంటున్నరు. పాలు పోయనీకి పోతే, మీ బాపు పొట్టల పురుగులట గద అని అడుగుతున్నరు. సిగ్గుతోని సచ్చిన. బాపుకు తెల్వకుంట ఉండాలె అనుకున్న.”

“ఏం జేసినవ్ వాటిని?”

అంజన్న సంచిలోంచి తువ్వాల మూట తీసి విప్పాడు. మూడు స్లైడ్లూ పగలకుండా ఉన్నాయి.

“మూసీల పారేద్దామని పోయిన. బాపు పేరున్నది గద. చేతులు రాలే.”

సోమశేఖర్ సిగ్గుతో చితికిపోయాడు. “నిన్ను ముందే అడగాల్సింది ఆగయ్యా. తప్పయింది.”

“గా పేరు తీసెయ్యరాదు సార్?” అడిగాడు అంజన్న.

“ఒకసారి అచ్చయ్యాక పెట్టినవాడు కూడా తీయలేడు. అది మా రూలు.”

ఆగయ్య తువ్వాల మీది స్లైడ్లను వంగి చూశాడు.

“ఉండనియ్యిండ్రి. బర్రె నాది. పురుగుకు నా పేరుంటే నాకేం సిగ్గు లేదు.” తర్వాత రామ్‌చందర్ వైపు తిరిగాడు. “గిందరి ముందట నా కొడుక్కు దొంగ అని పేరు పెట్టిన్రు. గది తీసెయ్యనీకి మీ దగ్గర ఏమన్న రూలున్నదా సార్?”

రామ్‌చందర్ ముఖం వేడెక్కింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

“కేసు లేదు, ఏం లేదు. పో అంజన్నా,” అన్నాడు చివరికి.

తండ్రీకొడుకులు అప్పటికే మెట్లు దిగుతున్నారు.